ఎనిమిదో స్టూలు

“వేళ్లు పోతాయే, అమ్మడూ!” అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మా అమ్మాయి చేతిలో ఉన్నది చెంచా. ఆ పిల్ల రంపం ముఖం చూడటానికి ఇంకా నాలుగు రోజులుంది. కానీ నా సంగతి నాకు తెలుసు. వాన మొదలయ్యాక గొడుగు వెతుక్కునే రకాన్ని కాను నేను. మబ్బు పట్టకముందే మనసులో తడిసిపోయి, తుమ్మి, జ్వరం తెచ్చుకుని, ఆ జ్వరం ముదిరితే ఎవరెవరికి కబురు చేయాలో కూడా అనుకుని పెట్టుకునే రకాన్ని.

“పది ఉన్నాయి కదమ్మా. ఒకటి పోయినా తొమ్మిది మిగుల్తాయి,” అంది అమ్మాయి, ముద్ద నములుతూ.

“చూశారా, ఎలా మాట్లాడుతోందో!” అని మా ఆయన వైపు తిరిగాను.

మా ఆయన తపాలా ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు ఉత్తరాలు విడదీసిన మనిషి. ఏ మాట ఏ గూట్లో వేయాలో ఆయనకి తెలుసు. నా మాటలన్నీ కలిపి ఒకే గూట్లో వేస్తారు. “లెక్క సరిగ్గానే ఉంది కదా,” అని పేపరు తిప్పేశారు.

మా అమ్మాయిది పెద్ద చదువు. నేను ఎనిమిదో తరగతితో ఆగినదాన్ని కాబట్టి ఆ చదువు పేరు పలకాలంటే నాకు నోరు తిరగదు. ఎవరైనా అడిగితే ‘జిగురు మీద పరిశోధన’ అని చెప్పేదాన్ని. తొమ్మిదేళ్లు అదే పని. తెల్లకోటు వేసుకుని, రెండు రేకు ముక్కల్ని జిగురుతో అతికించడం, మిషనులో బిగించి ఊడిందాకా లాగడం, ఎంత లాగితే ఊడిందో రాసుకోవడం. మళ్లీ అతికించడం, మళ్లీ లాగడం. ఇంట్లో నా చెప్పు తెగితే మాత్రం, “తోలు నా సబ్జెక్టు కాదమ్మా,” అనేది. ఆ చెప్పు పట్టుకుని వీధి చివర కుట్టే ఆయన దగ్గరికి నేనే కుంటుకుంటూ వెళ్లేదాన్ని.

అలాంటిది ఆ రోజు అన్నం తింటూ, ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా చెప్పింది, ల్యాబు మానేశానని. సోమవారం నుంచి షెడ్డులో చేరుతున్నానని.

“ఏ షెడ్డు?”

“పాత బస్సుల షెడ్డు. చేతిపనులు చేసేవాళ్లంతా కలిసి పెట్టుకున్నారమ్మా. పనిముట్లు అందరివీ. ఎవరికి నచ్చింది వాళ్లు చేసుకోవచ్చు.”

“తొమ్మిదేళ్లు చదివిన చదువేం కావాలే?”

అది కాసేపు చెంచాతో కంచంలో గీతలు గీసింది. “తొమ్మిదేళ్లలో నేను అతికించినది ఒక్కటి కూడా మిగల్లేదమ్మా,” అంది. “అన్నీ లాగేశాను. చూపించుకోవడానికి అంకెలే ఉన్నాయి. ఒక్క వస్తువు చేయాలనుంది. నేను చేశాక కూడా ఉండేది.”

“అయితే ఇంట్లో కూర్చుని అల్లికలు అల్లుకో, సూది అయితే గుచ్చుకున్నా చుక్క రక్తంతో పోతుంది,” అన్నాను. నా మాట మళ్లీ అదే గూట్లో పడింది.

* * *

రెండో రోజే షెడ్డు చూడటానికి వెళ్లాను. టిఫిను డబ్బా మరిచిపోయిందన్న వంకతో వెళ్లాను. అది మరిచిపోలేదు, నేనే దాచాను.

ఎత్తైన రేకుల కప్పు. నేల మీద బస్సుల ఇంజిన్ల నూనె మరకలు ఇంకా ఉన్నాయి. ఒక మూల కుండలు చేసే ఆవిడ చక్రం, ఒక గోడ వెంట గడియారాలు బాగుచేసే ఆయన బల్ల, ఇంకో వైపు నిప్పురవ్వలు. ఆ రవ్వల వెనక నుంచి ముఖానికి తొడుగు పైకెత్తి ఒకావిడ నవ్వింది. షెడ్డులో అందరికీ ఆవిడ వెల్డింగు వదిన. మా అమ్మాయి కూడా వదినా అంటోంది కాబట్టి నేను ఆవిడకి అత్తయ్యనైపోయాను.

“రండి అత్తయ్యగారూ, అక్కడ కాలు పెట్టకండి, కాలుతుంది. అటు కూడా పెట్టకండి, జారుతుంది,” అంది. ఈ పిల్ల నాకు మొదటి చూపులోనే నచ్చింది.

షెడ్డు నడిమధ్యలో ఒక పెద్ద బల్ల ఉంది. దాని మీద ఏమీ లేదు. నేను సంచీ దాని మీద పెట్టబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది. కొత్తగా వచ్చినవాళ్లకి మూడు నెలలు గడువట. ఆ లోపల సొంతంగా ఒక వస్తువు చేసి ఆ బల్ల మీద పెట్టాలి. బాగుందనీ బాగోలేదనీ ఎవరూ ఒక్క మాట అనరు. గడువు చివరి రోజు సాయంత్రం అయిదు గంటల బెల్లు మోగేలోపు షెడ్డులో ఎవరో ఒకరు దాన్ని తీసి తమ పనికి వాడుకోవాలి. వాడితే ఆ మనిషి షెడ్డు మనిషి. ఎవరూ ముట్టుకోకపోతే, ఎవరి వస్తువు వాళ్లు తీసుకుని మర్యాదగా ఇంటికి వెళ్లిపోవాలి.

“నేను వాడితే?” అన్నాను వెంటనే.

“ఇంటివాళ్లు వాడితే చెల్లదండి. ఫలానాది వాడండీ అని బతిమాలినా చెల్లదు.”

ఈ రూలు పెట్టినవాళ్లకి తల్లులంటే ఏమిటో బాగా తెలుసనుకున్నాను.

అప్పుడు చూశాను పెద్దాయన్ని. చివరి బల్ల దగ్గర నిలబడి ఒక పలకకి చిత్రిక పడుతున్నాడు. షెడ్డులో అందరికంటే ముందొచ్చిన వడ్రంగి. మా అమ్మాయి ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది. చిత్రిక వెళ్లినప్పుడల్లా పల్చటి చెక్కపొర ఉంగరంలా చుట్టుకుని కింద పడుతోంది. నేను ఆ పొరని చూడలేదు. ఆయన ఎడమ చెయ్యి చూశాను. నాలుగే వేళ్లు. చిటికెన వేలు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

నా గుండె జారి ఆ రంపపుపొట్టులో పడింది.

“అన్నయ్యగారూ,” అన్నాను దగ్గరికి వెళ్లి. “ఏమీ అనుకోకండి. ఆ వేలు... ఏ మిషనండీ?”

ఆయన నన్ను చూశాడు. వేలు లేని చోటు చూసుకున్నాడు. చిత్రిక ఇంకో విసురు విసిరాడు. ఇంకోటి. ఇంకోటి. నేను టిఫిను డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ పలక పూర్తయింది గానీ జవాబు రాలేదు.

“ఆయన అంతేనండీ, రోజుకి మూడు మాటలు,” అంది వదిన, నన్ను పక్కకి తీసుకెళ్లి. “పెద్ద రంపమని గడియారాలాయన అంటాడు. కాదు, కర్రని గిర్రున తిప్పి చెక్కే కడెం మిషనని కుండలావిడ. నేనొచ్చి పదకొండేళ్లయింది, నాకూ తెలీదు.”

“అడగలేదా?”

“అడక్కూడదనుకున్నానండీ. ఫలానా మిషనని తెలిసిందనుకోండి, దాని దగ్గర ఒక్కదాని దగ్గరే జాగ్రత్తగా ఉంటాం. తెలీకపోతే అన్నిటి దగ్గరా ఉంటాం. ఈ షెడ్డులో ఇన్నేళ్లలో ఎవరికీ గోరు కూడా ఊడలేదు.”

మాట బాగానే ఉంది. కానీ తెలియకుండా ఉండటం నా వల్ల అయ్యే పని కాదు. ఏ మిషనో తెలిస్తే, మా అమ్మాయిని దాని వంక చూడొద్దని ఒట్టు వేయించుకుంటే, రాత్రిళ్లు నేను సగం నిద్రయినా పోవచ్చు కదా. అందుకని ఆ మూడు నెలల్లో ఆయన్ని ఎనిమిది సార్లు అడిగాను. ఒకసారి దారిన పోతూ అడిగినట్టు అడిగాను. ఒకసారి, “మా మేనమామకి కూడా ఇలాగే కడెం మిషనులో...” అని లేని మేనమామని పుట్టించి, వేలు కోయించి మరీ అడిగాను. ఆయన ఆ మేనమామ మీద జాలిగా తలూపాడు. అంతే.

* * *

ఇంటి దగ్గర కొత్త పద్ధతి పెట్టాను. సాయంత్రం అమ్మాయి గుమ్మంలోకి రాగానే రెండు చేతులూ చాపాలి. నేను లెక్కపెట్టాలి. ఆ తర్వాతే చెప్పులు విప్పడం.

“ఎన్ని?” అని లోపల్నుంచి మా ఆయన అరిచేవారు.

“పది!”

“అయితే టీ పెట్టు.”

ఒకరోజు అది చేతులు చాపితే తొమ్మిదే వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను, తొమ్మిదే. నేను గోడకి చేరగిలబడి అలా కిందకి జారిపోయాను. అప్పుడు అది మడిచిన వేలు తెరిచింది. నాలుగు రోజులు దానితో మాట్లాడలేదు. చేతులు చాపితే లెక్క మాత్రం పెట్టాను.

ఒక్క మాట ఒప్పుకోవాలి. మొదట్లో అది షెడ్డులో ఇమడలేక మళ్లీ ల్యాబుకి వెళ్తే బాగుండునని నాకు లోలోపల ఉండేది. అక్కడ నీడపట్టున కూర్చునే పని, నలుగురిలో మర్యాద. కానీ ల్యాబు నుంచి వచ్చేటప్పుడు దాని ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తే. స్విచ్చి ఆర్పేసిన గదిలా ఉండేది. కంచం ముందు కూర్చుని ఏం తిన్నదో చెప్పలేకపోయేది. ఇప్పుడో, జుట్టు నిండా రంపపుపొట్టుతో వచ్చి, “ఇంకొంచెం పెట్టమ్మా,” అంటోంది. చేతులు కడుక్కుంటూ కూనిరాగం తీస్తోంది. అది రాగం తీయగా నేను విన్నది దాని పదో తరగతిలో.

దాంతో నా భయం దిక్కు మార్చుకుంది. వీళ్లు దీన్ని చేర్చుకోకపోతే? అటు ల్యాబూ పోయి, ఇటు షెడ్డూ పోయి, రెంటికీ చెడ్డ రేవడి అయిపోతే? మళ్లీ ఆ గదిలో లైటు ఎవరు వేస్తారు?

అది చేస్తానన్న వస్తువు ఒక స్టూలు. నాలుగు కాళ్లు, పైన పలక. పెద్దాయన పనిలో జిగురు వాడడు. కాలి కొసని నాలుకలా చెక్కి, పలకలో దానికి సరిపడా గాడి తొలిచి, దిగ్గొడతాడు. కర్రని కర్రే పట్టుకోవాలట. జిగురు మీద తొమ్మిదేళ్లు గడిపిన పిల్ల జిగురే లేని చోటికి చేరిందేమిటని మా ఆయన ఒకటే నవ్వు.

మూడో వారానికల్లా స్టూలు తయారైంది. ఆ సాయంత్రం ఆత్రంగా అడిగాను, “బల్ల మీద పెట్టావా?”

“లేదమ్మా, విరగ్గొట్టాను.”

“కోపమొచ్చిందా?”

“కోపమెందుకు? ఎంత బరువు ఆగుతుందో తెలియాలి కదా. ఇసుక సంచులు పేర్చుకుంటూ పోయాను. నలభై కిలోలకి విరిగింది. మంచి సమాచారం,” అని ఒక నోటు పుస్తకంలో రాసుకుంది.

రెండోది డెబ్భై ఒక్క కిలోలు. మూడోది నూట పన్నెండు. సంచులు పక్కకి దొర్లిపోకుండా ఒక ఇనప చట్రం కూడా చేసుకుంది, వదిన దగ్గర వెల్డింగు నేర్చుకుని మరీ.

ఒకరోజు వదిన నన్ను వీధిలో పట్టుకుంది. “అత్తయ్యగారూ, మీ అమ్మాయి స్టూళ్లకి స్టూళ్లు చంపేస్తోందండీ! మొన్న చేసింది ఎంత ముద్దుగా ఉందో. బల్ల మీదకి రాగానే నేనే పట్టుకుపోదామనుకున్నా. టీ తాగొచ్చేసరికి ఇసుక సంచుల కింద శవం! ఆ చట్రమైనా బల్ల మీద పెట్టవే, అది భలే కుదిరింది అంటే, ‘అది వస్తువు కాదు వదినా, పరికరం’ అంటుంది.”

ఇంటికొచ్చి నిలదీశాను. “విరగ్గొట్టకుండా ఎలా తెలుస్తుందమ్మా?” అంది. “రేపు దాని మీద ఎవరో కూర్చుంటారు. విరిగి పడితే?”

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు సబబుగానే తోచింది. విరుగుతుందో లేదో తెలియని దాని మీద మనుషుల్ని ఎలా కూర్చోబెడతారు? కిందపడి నడుం విరిగితే? ఆ మనిషికి చిన్న పిల్లలుంటే? “అదీ నిజమే. ఇంకో రెండు సంచులు ఎక్కువే పెట్టి చూడు,” అన్నాను.

మా ఆయన పేపరు దించారు. “తల్లికి తగ్గ కూతురు. నువ్వు కూర్చున్న చోటి నుంచి కదలకుండా ఊళ్లో ఉన్నవన్నీ నోటితో విరగ్గొడతావు. అది ఇసుక మోసుకొచ్చి విరగ్గొడుతోంది. దానికి ఒళ్లొంచే గుణం నా పోలిక.”

నాలుగోది నూట తొంభై. అయిదోది రెండు వందల ఇరవై. అప్పటికి రెండు నెలలు దాటాయి. అప్పుడు దానికి ఒక ఉపాయం తట్టింది. ఒకేలాంటివి రెండు చేసి, ఒకటి విరగ్గొట్టి, రెండోది బల్ల మీద పెడితే సరి! చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లే అనుకుని పొంగిపోయాను. ఒకే దుంగ, ఒకే కొలత, కవలపిల్లల్లా ఆరూ ఏడూ తయారయ్యాయి. ఆరోది రెండు వందల అరవైకి విరిగింది. ఇక ఏడోది ఎత్తి బల్ల మీద పెట్టాల్సిందే. దానికి మళ్లీ అనుమానం. నిజంగా రెండూ ఒకటేనా?

ఏడోది మూడు వందల నలభైకి విరిగింది.

“ఎనభై కిలోల తేడా అమ్మా!” అని తల పట్టుకుంది. “ఒకటే కర్ర, ఒకటే చెయ్యి. ఎలా వస్తుంది?”

“పెద్దాయన్ని అడక్కపోయావా?”

“అడిగాను. ‘ఏ రెండు కర్రలూ ఒకటి కావు’ అన్నాడు.”

అయిదు మాటలు! ఆ రోజు ఆయన అప్పు చేసి మరీ మాట్లాడినట్టే.

“మూడు వందల నలభై అంటే ఎంతే?” అన్నాను.

“నువ్వు, నాన్న, పక్కింటి ఆంటీ, ఆవిడ బీరువా.”

“బీరువాలో బట్టలతోనా?”

“బట్టలతోనే.”

* * *

ఎనిమిదోది పూర్తయ్యేసరికి గడువుకి ఒక్క రోజు మిగిలింది. విరగ్గొట్టడానికి టైముంది. తొమ్మిదోది చేయడానికి లేదు. విరగ్గొడితే లెక్క తెలుస్తుంది, స్టూలుండదు. విరగ్గొట్టకపోతే స్టూలుంటుంది, లెక్క ఉండదు. ఆ సాయంత్రం అది చేతులు చాపింది, నేను పది లెక్కపెట్టాను, అయినా అది చేతులు దించలేదు. అలాగే గుమ్మంలో నిలబడి, “ఏం చేయనమ్మా?” అంది.

నాకు తెలిసిన సలహాలన్నీ జాగ్రత్త అన్న మాటతోనే మొదలవుతాయి. వాటిలో ఒక్కటీ అప్పుడు పనికి రాలేదు. “నువ్వే అన్నావు కదే, చేశాక ఉండేదొకటి కావాలని,” అన్నాను చివరికి. అన్నాక రాత్రంతా నిద్ర లేదనుకోండి. అది వేరే సంగతి.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ టిఫిను డబ్బా వంకతో షెడ్డుకి వెళ్లాను. ఈసారి అది నిజంగానే మరిచిపోయింది.

స్టూలు బల్ల మీద ఉంది. చిన్నగా, నున్నగా, నాలుగు కాళ్లూ కాస్త చాపి నిలబడిన దూడలా ఉంది. అమ్మాయి తన బల్ల దగ్గర నోటు పుస్తకం తెరుచుకుని కూర్చుంది గానీ పేజీ తిప్పడం లేదు. ఎవరూ ఏమీ అనడం లేదు. అది వాళ్ల పద్ధతి. కానీ ఎవరూ ముట్టుకోవడమూ లేదు.

కుండలావిడకి పై అరలోంచి ఏదో కావలసి వచ్చింది. అటూ ఇటూ చూసింది. స్టూలు దగ్గరికి వచ్చింది. ఆవిడ స్టూలుని ఎగాదిగా చూసి, వెనక్కి వెళ్లి, ఒక రంగు డబ్బా బోర్లించుకుని దాని మీద ఎక్కింది. ఆ డబ్బా ఊగుతోంది! ఆవిడకి అదే నయమనిపించింది! గడియారాలాయన రోజూ కూర్చునే కుర్చీకి మూడు కాళ్లే ఉన్నాయి, నాలుగో కాలి బదులు ఇటుకలు. ఆయన కూడా స్టూలు వంక చూసి, తన ఇటుకలు సర్దుకున్నాడు.

“ఏమైంది అందరికీ?” అన్నాను వదిన చెవిలో.

“భయమండీ,” అంది వదిన, అంతే మెల్లగా. “ఏడు స్టూళ్లు మా కళ్ల ముందే ఫెళఫెళా విరిగాయి కదా. ఒక్కోటీ ఎలా చచ్చిందో మాకందరికీ తెలుసు. మామూలుగా మొదటిదే పెట్టి ఉంటే నలభై కిలోలని ఎవరికి తెలిసేది? ఎవరో ఒకరు కూర్చుందురు.”

“కూర్చుంటే పడిపోదురు కదమ్మా!”

“పడిపోతే లేచి, మేకు కొట్టి, మళ్లీ కూర్చుందుమండీ. ఇక్కడున్నవన్నీ అలా నిలబడ్డవే.”

“పోనీ నువ్వైనా...”

“మీరడిగాక ఇక నేను అస్సలు ముట్టుకోకూడదత్తయ్యగారూ. ఇందాకటి దాకా ఆలోచిస్తున్నా!”

నా నాలుక కోసుకోవాలనిపించింది. ఆ షెడ్డులో దానికి కావలసిన మిషన్లన్నీ ఉన్నాయి కూడా.

నాలుగయింది. నాలుగున్నర అయింది. గోడ మీద గడియారాలాయన బాగుచేసిన గడియారాలు పదో పన్నెండో ఉన్నాయి. ఒక్కటైనా వెనక నడుస్తుందేమోనని చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మహానుభావుడు. అమ్మాయి నోటు పుస్తకం మూసేసింది. సంచీలో సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టింది. దాని ముఖంలో ఆ పాత గది తలుపు తెరుచుకుంటోంది. నాకు కనబడుతూనే ఉంది.

అప్పుడు చిత్రిక చప్పుడు ఆగింది.

పెద్దాయన చేతులు దులుపుకుని మధ్య బల్ల దగ్గరికి వచ్చాడు. తొమ్మిది వేళ్లతో స్టూలు ఎత్తాడు. తన బల్ల దగ్గరికి మోసుకెళ్లి నేల మీద దింపాడు. వెనక్కి తిరిగాడు, మోకాళ్లు వంచాడు.

“అన్నయ్యగారూ, కూర్చోకండి!” అని అరిచాను. “దాన్ని విరగ్గొట్టి చూడలేదండీ!”

ఆ అరుపు నాదేనని నాకు తెలియడానికి కాస్త టైము పట్టింది. వదిన నెత్తి కొట్టుకుంది. మా అమ్మాయి నా వంక చూసిన చూపు కంటే, అక్కడున్న ఏ మిషనైనా నయం. పెద్దాయన వంచిన మోకాళ్లు అలాగే ఉంచి, అమ్మాయి వైపు చూశాడు.

“ఎంత ఆగుద్ది?” అన్నాడు.

అమ్మాయి చెయ్యి నోటు పుస్తకం మీదకి వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. “తెలీదు, పెద్దాయనా,” అంది. తొమ్మిదేళ్ల చదువు మీద ఒట్టు, అది ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. తెలియనప్పుడల్లా ఇంకో ప్రయోగం చేయాలనేది.

పెద్దాయన కూర్చున్నాడు.

కిర్రుమంది. షెడ్డు మొత్తం ఆ కిర్రు విన్నది. నేను కళ్లు మూసుకున్నాను. మనసులో ఆయన పడిపోయాడు, నడుం విరిగింది, ఇంటికి కబురు వెళ్లింది, వాళ్లంతా ఏడుస్తూ వచ్చారు. కళ్లు తెరిచి చూస్తే ఆయన ఫ్లాస్కు మూత విప్పి టీ పోసుకుంటున్నాడు. సగం తాగాడు. కొంచెం అటు జరిగి, కొంచెం ఇటు జరిగి, సర్దుకుని కూర్చున్నాడు. మిగతా సగం తాగాడు.

అయిదు గంటల బెల్లు మోగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అభినందనలు చెప్పలేదు. గడియారాలాయన దీపం ఆర్పుకున్నాడు. కుండలావిడ రంగు డబ్బాని ఓ తన్ను తన్ని మూలకి తోసింది. వదిన గోడ దగ్గరికి వెళ్లి, ఊడ్చే వంతుల కాగితంలో అట్టడుగున ఏదో రాసి, ఒక చీపురు తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టింది. “ఇవాళ నీ వంతే. బల్లల కింద కూడా. కొత్తవాళ్లు బల్లల కింద వదిలేస్తారు,” అంది.

అమ్మాయి చీపురు అందుకుని బల్లల కింద దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినబడింది. రంపపుపొట్టు ముక్కులోకి పోయి ఉంటుందని అనుకున్నాం అందరం.

పెద్దాయన ఎదురుగా ఒక పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాను. ఆయన ఫ్లాస్కు మూతలో నాక్కూడా టీ పోసి ఇచ్చాడు. తాగాను. చల్లారిపోయిన టీ. ఆ నాలుగు వేళ్ల చెయ్యి నా కళ్ల ముందే ఉంది. ఇక మా అమ్మాయి రోజూ ఇక్కడికే వస్తుంది. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు?

“అన్నయ్యగారూ,” అన్నాను. “ఇది తొమ్మిదోసారి అడగడం. దాని తల్లిని నేను. ఏ మిషనో చెప్పండి, అంతే చాలు.”

ఆయన చీపురు చప్పుడు వచ్చే వైపు చూశాడు. అందరూ వెళ్లిపోతున్నారు. తలుపు దగ్గర వదిన చెయ్యి ఊపింది. ఆయన ఫ్లాస్కు విదిలించాడు, మూత తుడిచాడు, బిగించాడు. ఇక లేచి వెళ్లిపోతాడనుకున్నాను.

“మిషను కాదమ్మా,” అన్నాడు. “తలుపు.”

“తలుపేమిటి? ఈ షెడ్డు తలుపా?”

“మా ఇంటి తలుపు. నాకు అయిదేళ్లు. గుమ్మంలో ఆడుకుంటున్నా. వీధిలో ఎక్కడో కుక్క అరిచింది. అది లోపలికొచ్చి నన్ను కరుస్తదేమోనని భయపడి మా అమ్మ పరుగెత్తుకొచ్చి దడాలున తలుపేసింది.” తన ఎడమ చేతి వంక ఒకసారి చూసుకున్నాడు. “వేలు తలుపు సందులో ఉంది.”

అమ్మాయి బల్లల కింద నుంచి బయటికి వచ్చి, రంపపుపొట్టంతా ఒక కుప్పగా చేసి, మళ్లీ ఇంకో వైపు మొదలుపెట్టింది. కప్పు రేకుల మీద ఏదో పిట్ట నడిచింది. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

“మరి,” అన్నాను చివరికి, “కుక్క వచ్చిందా?”

ఆయన స్టూలు మీద అలాగే కూర్చుని, అరచేత్తో దాని అంచు నిమిరాడు, గరుకు ఎక్కడైనా మిగిలిందేమో చూస్తున్నట్టు. చీపురు చప్పుడు షెడ్డు ఆ చివరికి వెళ్లి మళ్లీ ఈ చివరికి వచ్చింది.

“రాలేదమ్మా,” అన్నాడు.